ముందే రాసుకున్న ఇరవై ఐదు ప్లేలు: కోచ్ బిల్ వాల్ష్

అందరికీ నమస్కారం.

ఫ్రీమాంట్ నుంచి వచ్చినవాళ్లు ఈ హాల్లో చాలామందే ఉన్నట్టున్నారు. సెంటర్‌విల్ వైపు ఉన్న వాషింగ్టన్ హైస్కూల్ మీకు తెలిసే ఉంటుంది. 1957లో ఆ స్కూల్లో పాతికేళ్ల కుర్రాడొకరు అమెరికన్ ఫుట్‌బాల్ కోచ్‌గా చేరారు. ఈత జట్టు బాధ్యత కూడా ఆయనదే. ఆ కుర్రాడే బిల్ వాల్ష్. 1989 జనవరి నాటికి ఆయన శాన్‌ఫ్రాన్సిస్కో ఫార్టీనైనర్స్‌కి మూడు సూపర్ బౌల్‌లు, అంటే ప్రొఫెషనల్ లీగ్ ఫైనల్స్, గెలిపించి పెట్టారు. ఈ రోజు టీవీలో మీరు చూసే ఏ జట్టు ఆటలోనైనా ఆయన వేసిన పునాది ఎంతో కొంత కనిపిస్తుంది.

ఆట కొత్తవాళ్ల కోసం రెండు ముక్కలు చెప్పి అసలు విషయంలోకి వెళ్తాను. గ్రౌండు పొడవు 100 గజాలు, వెడల్పు 53 గజాల పైచిలుకు. అటు 11 మంది, ఇటు 11 మంది. బంతి ఉన్న జట్టుకి నాలుగు ప్రయత్నాలు ఇస్తారు. ఆ నాలుగింటిలో పది గజాలు ముందుకెళ్తే మళ్లీ నాలుగు వస్తాయి, దాన్ని ఫస్ట్ డౌన్ అంటారు. బంతి పట్టుకుని పరిగెత్తవచ్చు, లేదా క్వార్టర్‌బ్యాక్ దాన్ని రిసీవర్లకి విసరవచ్చు. ఒక్కో ప్రయత్నాన్ని ప్లే అంటారు. నాలుగైదు సెకన్లలో అయిపోతుంది. ఆ తర్వాత ఆట ఆగుతుంది. ఆ ఆగిన అరనిమిషంలో తర్వాత ఏం ఆడాలో కోచ్ చెప్పాలి. చుట్టూ అరవై వేల మంది అరుస్తుంటారు. ఇప్పుడే ఒక పాస్ వృథా అయింది. పక్కనున్న అసిస్టెంట్ ఏదో చెబుతున్నాడు.

వాల్ష్ పనంతా ఈ అరనిమిషం చుట్టూనే తిరిగింది. ఆ అరనిమిషంలో ఎంత తెలివైనవాడి బుర్రయినా సరిగ్గా పనిచేయదని ఆయన ఒప్పుకున్నారు. అందుకని ఆలోచన అంతా ముందే, నిశ్శబ్దంగా ఉన్న గదిలో, కాగితం మీద చేసి పెట్టుకున్నారు. పత్రికలు ఆయన్ని జీనియస్ అన్నాయి. నాకు ఆ మాట అంత నచ్చదు. జీనియస్ అనగానే ఆ క్షణంలో ఏదో మెరుపు మెరిసిందనుకుంటాం. ఆయన చేసింది గుమస్తా పనిలాంటి పని. జాబితాలు రాయడం, అడుగులు లెక్కపెట్టడం, మళ్లీ మళ్లీ సరిచూసుకోవడం. ఆ పని ఎలా చేశారో ఈ పూట వివరంగా చెప్పాలని వచ్చాను.

మొదటి పదేళ్లు త్వరగా చెప్పేస్తాను. 1931లో లాస్ ఏంజెలెస్‌లో పుట్టారు. శాన్ హోసే స్టేట్‌లో చదివారు, అక్కడే మాస్టర్స్ చేశారు. 1960లో మార్వ్ లెవీ దగ్గర బర్క్‌లీలో అసిస్టెంట్, 1963లో జాన్ రాల్స్టన్ దగ్గర స్టాన్‌ఫర్డ్‌లో అసిస్టెంట్. 1966లో ఓక్లండ్ రైడర్స్‌లో ఒక్క ఏడాది పనిచేశారు. ఆ ఏడాది ముఖ్యం. రైడర్స్ పాసింగ్ పద్ధతి సిడ్ గిల్‌మన్ అనే కోచ్ దగ్గర పుట్టింది, ఆయన దగ్గర పనిచేసిన ఆల్ డేవిస్ దాన్ని ఓక్లండ్‌కి తెచ్చారు. రిసీవర్ ఎన్ని గజాల దగ్గర తిరగాలి, ఆ తిరుగుడికి క్వార్టర్‌బ్యాక్ ఎన్ని అడుగులు వెనక్కి వేయాలి, రెండిటినీ ముడిపెట్టి నేర్పడం వాల్ష్ అక్కడే చూశారు. కాకపోతే అది దూరం పాస్‌ల ఆట. బలమైన చేయి ఉన్నవాడికే నప్పుతుంది. మరుసటి ఏడాది శాన్ హోసే అపాచెస్ అనే చిన్న లీగ్ జట్టుకి హెడ్ కోచ్‌గా ఉండి, 1968లో సిన్సినాటి బెంగాల్స్‌లో చేరారు.

ఇక్కడ కాస్త ఆగాలి. అసలు కథ ఇక్కడే ఉంది.

బెంగాల్స్ అప్పుడే పుట్టిన జట్టు. హెడ్ కోచ్ పాల్ బ్రౌన్, ఆ రోజుల్లో ఫుట్‌బాల్‌లో ఆయన మాటకి తిరుగు లేదు. 1969లో గ్రెగ్ కుక్ అనే కొత్త క్వార్టర్‌బ్యాక్ వచ్చాడు. పొడగరి, చేతిలో పిడుగున్నవాడు. సీజన్ మొదట్లోనే కాన్సస్ సిటీ మీద ఆడుతూ భుజం దెబ్బ తిన్నాడు. అది లోపల కండరం చిరిగిన దెబ్బ అని అప్పట్లో కనిపెట్టలేకపోయారు. కొన్ని ఆటలు ఆగి, ఆ భుజంతోనే మిగతా సీజన్ ఆడాడు, అప్పటికీ లీగ్‌లో ఒక్కో పాస్‌కి సగటు గజాల్లో అతనిదే మొదటి స్థానం. కానీ ఆ భుజం ఇక బాగుపడలేదు, అతని కెరీర్ అక్కడితోనే ముగిసినట్టయింది.

మిగిలింది వర్జిల్ కార్టర్. షికాగో వాళ్లు వదిలించుకున్న కుర్రాడు. తెలివైనవాడు, చురుకైనవాడు, దగ్గరి పాస్ గురి తప్పడు. లెక్కల్లో దిట్ట కూడా. మైదానంలో ఏ గజం దగ్గర ఫస్ట్ డౌన్ దొరికితే సగటున ఎన్ని పాయింట్లు వస్తాయో లెక్కగట్టి, 1971లో ఒక ప్రొఫెసర్‌తో కలిసి పరిశోధన పత్రం రాశాడు. ఇప్పటి గణాంకాల వాళ్లు వాడే లెక్కకి అది పూర్వరూపం. అన్నీ ఉన్నాయి గానీ దూరంగా విసరలేడు. పైగా ముందున్న లైన్‌మెన్ బలహీనులు, అతన్ని ఎక్కువ సేపు కాపాడలేరు. పరుగుతో నెట్టుకొద్దామంటే దానికీ ఆ లైన్ సరిపోదు.

మామూలు కోచ్ ఏం చేస్తాడు? రైడర్స్ పుస్తకం తెరిచి, దూరం పాస్‌లు విసరమని కార్టర్‌ని తిట్టుకుంటూ సీజన్ గడిపేస్తాడు. వాల్ష్ లెక్క తిరగేశారు. లోతుకి విసరలేకపోతే వెడల్పుకి విసురుదాం. 53 గజాల వెడల్పు ఊరికే పడి ఉంది. అయిదారు గజాల దూరంలో, పక్కలకి, త్వరగా విసిరేస్తే లైన్ ఎక్కువ సేపు కాపాడక్కర్లేదు. బలమైన జట్టు పరుగుతో సంపాదించే నాలుగైదు గజాలనే మనం పాస్‌తో సంపాదిస్తాం. 1970లో బెంగాల్స్ మొదటి ఏడు ఆటల్లో ఆరు ఓడిపోయారు. తర్వాతి ఏడూ గెలిచి డివిజన్ కొట్టారు. మరుసటి ఏడాది పాస్‌లు చేరిన శాతంలో లీగ్ మొత్తానికి కార్టరే మొదటివాడు, 62.2 శాతం. దీనికి తర్వాత్తర్వాత వెస్ట్ కోస్ట్ అఫెన్స్ అని పేరు పెట్టారు. పుట్టింది మాత్రం ఒహైయోలో, చేయి బలం లేని ఒక కుర్రాడి కోసం.

ఇప్పుడు ఆ పద్ధతి లోపల ఏముందో చూద్దాం. స్లాంట్ అనే ఒక్క ప్లే తీసుకుంటాను.

రిసీవర్ సైడ్‌లైన్ వైపు నిలబడి ఉంటాడు. బంతి కదలగానే మూడు అడుగులు నిటారుగా ముందుకి వేస్తాడు. మూడోది బయటి కాలు. దాని మీద బరువు మోపి ఒక్క కోతతో ఏటవాలుగా లోపలికి వస్తాడు. అదే సమయంలో క్వార్టర్‌బ్యాక్ తన ముందున్న సెంటర్ అనే లైన్‌మన్ దగ్గర బంతి అందుకుని మూడు అడుగులు వెనక్కి వేస్తాడు. మూడో అడుగు నేలని తాకడమూ బంతి చేతిని వదలడమూ ఒకేసారి జరగాలి. చూసి, ఆలోచించి, విసరడం ఉండదు. విసిరే సమయానికి రిసీవర్ ఇంకా తిరుగుతూ ఉంటాడు. బంతి అతని ఛాతీకి కాస్త ముందుగా రావాలి, పరుగు వేగం తగ్గించకుండా అందుకునేలా. ఆ పాస్ గాల్లో పోయేది కొద్ది గజాలే. అందుకున్నాక అతను పరిగెత్తేది యాభై అరవై గజాలు కావచ్చు. బంతిని అవతలి గీత దాటిస్తే టచ్‌డౌన్ అంటారు. ఫార్టీనైనర్స్ రిసీవర్ జెర్రీ రైస్ చేసిన టచ్‌డౌన్లలో ఇలాంటివి బోలెడు.

తప్పు ఎక్కడ జరుగుతుందో చూడండి. బంతి ఒక్క అడుగు వెనకపడితే రిసీవర్ మెడ తిప్పి ఆగాలి. ఆగాడంటే అక్కడే పట్టేస్తారు, ఆరు గజాలతో సరి. ఎత్తుగా వస్తే చేతులు పైకెత్తాలి, పక్కటెముకలు బయటపడతాయి, సరిగ్గా అప్పుడే సేఫ్టీ అనే వెనక వరస డిఫెండర్ వచ్చి గుద్దుతాడు. బంతి ఎగిరి అవతలివాళ్ల చేతిలో పడుతుంది. క్వార్టర్‌బ్యాక్ అనుమానంతో ఒక అడుగు ఎక్కువ వేశాడా, ఆ అరసెకనులో లైన్‌బ్యాకర్ అనే మధ్య వరస డిఫెండర్ మధ్యలోకి వచ్చి నిలబడతాడు. రిసీవర్ మూడు బదులు నాలుగు అడుగులు వేసినా అదే గతి. ఇంకోటి, చాలామంది గమనించనిది. మూడు అడుగుల పాస్ తక్కువ ఎత్తులో వెళ్తుంది కాబట్టి ఎదుటి లైన్‌మన్ చేతులెత్తితే తగిలిపోతుంది. అందుకే ఈ ప్లేలో మన లైన్‌మెన్ వెనక్కి జరగకుండా ముందుకి దూకి, కింద నడుము దగ్గర తాకాలి. అప్పుడు వాడు తనని తాను కాపాడుకోవడానికి చేతులు దించుతాడు. ఒక్క పాస్ చేరాలంటే ఇన్ని పాదాలు, ఇన్ని చేతులు ఒక లెక్కలో ఉండాలి. వాల్ష్ ప్రాక్టీసులో పాస్ చేరిందా లేదా అని మాత్రమే చూసి ఊరుకునేవారు కాదు. చేరిన పాస్ కూడా అడుగు వెనకపడితే ఆపి మళ్లీ వేయించేవారు.

అయిదు అడుగులు వెనక్కి వేస్తే పది పన్నెండు గజాల రూట్లు, అంటే రిసీవర్ పరిగెత్తే దారులు. ఏడు అడుగులైతే పద్దెనిమిది, ఇరవై గజాల రూట్లు. అయిదు అడుగుల పాస్‌లో క్వార్టర్‌బ్యాక్ చూపుకి కూడా వరస ఉంటుంది. అయిదో అడుగు పడగానే మొదటి రిసీవర్. ఖాళీగా లేడా, చిన్న అడుగు ముందుకేసి రెండోవాడు. వాడూ లేడా, ఇంకో అడుగు, మూడోవాడు. మైదానమంతా వెతకడం ఉండదు, కళ్లు పాదాల్ని అనుసరిస్తాయి. ఆ మూడోవాడు చాలాసార్లు వెనకనుండే రన్నింగ్ బ్యాక్. అతని పని ఇంకా సున్నితం. ముందు తన వంతు లైన్‌బ్యాకర్ని చూడాలి. వాడు క్వార్టర్‌బ్యాక్ మీదికి దూకుతుంటే అడ్డుకోవాలి. వాడు వెనక్కి తగ్గితే, తను బయటికి జారి అయిదు గజాల దగ్గర తిరిగి నిలబడాలి. ఈ పనిని అందరికంటే గొప్పగా చేసినవాడు రోజర్ క్రెయిగ్. 1985లో 92 పాస్‌లు అందుకున్నాడు, పరుగుతో వెయ్యి గజాలు, పాస్‌లతో వెయ్యి గజాలు, రెండూ ఒకే సీజన్‌లో దాటిన మొదటి ఆటగాడు అతనే.

సిన్సినాటిలో కార్టర్ తర్వాత కెన్ ఆండర్సన్ వచ్చాడు. ఇల్లినాయ్‌లోని అగస్టానా అనే చిన్న కాలేజీ నుంచి 1971 డ్రాఫ్ట్ మూడో రౌండ్లో తీసుకున్న కుర్రాడు. డ్రాఫ్ట్ అంటే కాలేజీ ఆటగాళ్లని జట్లు వంతులవారీగా ఎంచుకోవడం. వాల్ష్ అతనికి పాదాల పని ఓనమాల నుంచి దిద్దించారు. 1974లోనూ 1975లోనూ పాసర్ రేటింగ్‌లో, అంటే పాస్‌ల పనితనానికి ఇచ్చే మార్కుల్లో, అతనే లీగ్ మొత్తానికి మొదటివాడు.

1975 సీజన్ అయ్యాక పాల్ బ్రౌన్ తప్పుకున్నారు. ఎనిమిదేళ్లుగా పనిచేస్తున్న వాల్ష్‌కి ఆ పదవి వస్తుందనుకున్నారు అందరూ. బ్రౌన్ ఇంకో అసిస్టెంట్‌ బిల్ జాన్సన్‌కి ఇచ్చారు. బయటి జట్లు అడిగినప్పుడు కూడా బ్రౌన్ తనకి అడ్డుపడ్డారని వాల్ష్ తర్వాత చెప్పుకొచ్చారు. ఆ గాయం ఆయనలో చివరిదాకా మిగిలిపోయింది. ఒక ఏడాది శాన్ డియేగో చార్జర్స్‌లో డాన్ ఫౌట్స్ అనే క్వార్టర్‌బ్యాక్‌కి నేర్పి, 1977లో స్టాన్‌ఫర్డ్ హెడ్ కోచ్ అయ్యారు. అప్పటికి ఆయన వయసు 45. రెండేళ్లు, రెండు బౌల్ గెలుపులు. కాలేజీల్లో సీజన్ చివర ఆడే ప్రత్యేక ఆటల్ని బౌల్ అంటారు. రెండోదైన బ్లూబానెట్ బౌల్‌లో జార్జియా మీద 22-0 వెనకపడి 25-22తో గెలిచారు.

ఇక ఆ ఇరవై ఐదు ప్లేల సంగతి. ఇది సిన్సినాటిలో మొదలైంది. ఆటకి ముందు పాల్ బ్రౌన్ అడిగేవారట, మొదట్లో ఏం ఆడదామనుకుంటున్నావని. జవాబుగా నాలుగైదు ప్లేలు రాసి ఇచ్చేవారు. శాన్ డియేగోకి వచ్చేసరికి అవి పదిహేను అయ్యాయి. స్టాన్‌ఫర్డ్‌లో ఇరవై. ఫార్టీనైనర్స్‌లో ఇరవై ఐదు. ఒక జట్టుకి ఆటలో మొత్తం అరవై డెబ్భై ప్లేలు వస్తాయనుకుంటే, మూడో వంతుకి పైగా ముందే రాసి పెట్టుకున్నట్టు.

దానివల్ల లాభమేంటి? ఆటగాళ్లకి ముందు రాత్రే ఆ జాబితా తెలుస్తుంది. పొద్దున్న మొదటి ప్లే ఏమిటో, అందులో తన మొదటి అడుగు ఎటో మనసులో వేసుకుంటూ పడుకుంటారు. మొదటి పది నిమిషాల కంగారు సగం తగ్గిపోతుంది. కోచ్ వైపు నుంచి చూస్తే ఇంకా పెద్ద లాభం. వారమంతా కష్టపడి తయారుచేసిన ప్లేని, ఆట వేడిలో మర్చిపోయి, రాత్రి ఇంటికెళ్లాక గుర్తుచేసుకుని తల కొట్టుకోవడం ప్రతి కోచ్‌కీ తెలిసిన బాధే. రాసుకుంటే మర్చిపోరు. ఇక మూడోది, నా లెక్కలో అన్నిటికంటే విలువైనది. ఆ ఇరవై ఐదూ ప్రశ్నలు. రెండో ప్లేలో రిసీవర్ని ఇటు నుంచి అటు నడిపిస్తారు. అతనితో పాటు డిఫెన్స్ మనిషి కదిలాడా, లేక ఇద్దరూ స్థానాలు మార్చుకున్నారా? ఏడో ప్లేలో ఇద్దరు టైట్ ఎండ్లని, అంటే లైన్ పక్కనే నిలబడే రిసీవర్లని, పెడతారు. వాళ్లు ఎవర్ని దించారు? పైన బాక్సులో కూర్చున్న అసిస్టెంట్ ఇవన్నీ రాసుకుంటాడు. మూడో క్వార్టర్‌లో వేసే పెద్ద దెబ్బ ఈ జవాబుల్లోంచి వస్తుంది.

వెనక నుంచి ఎవరో అడుగుతున్నారు. మంచి ప్రశ్న. మూడో ప్రయత్నంలో ఒక్క గజమే కావాల్సి వస్తే, జాబితాలో తర్వాతది దూరం పాస్ అయితే ఏం చేస్తారని. అప్పుడు జాబితా పక్కన పెట్టేస్తారు. జాబితా ఒక్కటే కాదండీ ఉన్నది. మూడో ప్రయత్నంలో ఒకటి రెండు గజాలు కావాలంటే ఒక జాబితా, ఏడెనిమిది గజాలు కావాలంటే వేరే జాబితా. మన గీత దగ్గర ఇరుక్కుపోయినప్పుడు ఒకటి, అవతలి గీతకి ఇరవై గజాల్లోపు చేరినప్పుడు ఒకటి. అక్కడికి చేరాక డిఫెన్స్ వెనక స్థలం ఉండదు, ఏడు అడుగుల రూట్లు పనికిరావు, అందుకని వేరేగా ఆలోచించాలి. వాన పడితే ఏవి తీసేయాలో ఒక జాబితా. చివరి రెండు నిమిషాలకి ఇంకొకటి. ఆ సందర్భం దాటాక మళ్లీ ఇరవై ఐదులో ఆగిన చోటికి వస్తారు. పద్నాలుగు పాయింట్లు వెనకపడితే మొత్తం వదిలేయాల్సిన రోజులు కూడా ఉంటాయి. జాబితా కోచ్‌ని కట్టేయడానికి రాసింది కాదు.

1979లో యజమాని ఎడ్డీ డిబార్టొలో జూనియర్ పిలిచి ఫార్టీనైనర్స్‌ని అప్పగించారు. ముందు ఏడాది 16 ఆటల్లో రెండే గెలిచిన జట్టు. వాల్ష్ మొదటి ఏడాది కూడా రెండే గెలిచారు. గమనించాల్సిందేమిటంటే, ఆ ఏడాది క్వార్టర్‌బ్యాక్ స్టీవ్ డిబర్గ్ 578 పాస్‌లు విసిరి 347 చేర్చాడు, అప్పటికి లీగ్‌లో అది రికార్డు. పద్ధతి పనిచేస్తోంది, జట్టు ఓడిపోతోంది. పాస్‌ల లెక్క చూసి మురిసిపోయే కోచ్‌లు ఇక్కడే దెబ్బతింటారు. డిఫెన్స్ ఆపలేకపోతే ఎన్ని ఫస్ట్ డౌన్లు తెచ్చినా నీళ్లు చిల్లుకుండలో పోసినట్టే. 1980లో మొదటి మూడూ గెలిచి, తర్వాత వరసగా ఎనిమిది ఓడారు. మయామీలో ఎనిమిదోది ఓడి తిరిగొచ్చే విమానంలో ఆయన కన్నీళ్లు పెట్టుకున్నారు, మానేద్దామనుకున్నారు. ఆ ఏడాదే డిసెంబర్ 7న న్యూ ఓర్లీన్స్ మీద హాఫ్‌టైమ్‌కి 35-7 వెనకపడి, అదనపు సమయంలో 38-35తో గెలిచారు.

ఆ ఆట గెలిపించిన కుర్రాడు జో మోంటానా. 1979 డ్రాఫ్ట్‌లో 82వ స్థానంలో తీసుకున్నారు. చేయి బలం చాలదని మిగతా జట్లు వదిలేశాయి. వాల్ష్ చూసింది పాదాలు. ఎంత త్వరగా, ఎంత తేలిగ్గా వెనక్కి వేస్తున్నాడో చూశారు. వర్జిల్ కార్టర్ నేర్పిన పాఠం అది. డ్వైట్ క్లార్క్‌ది ఇంకా విచిత్రం. క్లెమ్‌సన్‌లో స్టీవ్ ఫుల్లర్ అనే క్వార్టర్‌బ్యాక్‌ని పరీక్షించడానికి వెళ్లినప్పుడు, అతని పాస్‌లు అందుకోవడానికి వచ్చిన స్నేహితుడు క్లార్క్. వాల్ష్ ఫుల్లర్‌ని వదిలి, అతన్ని పదో రౌండ్లో తీసుకున్నారు.

మోంటానాని ఒక్కసారిగా నీళ్లలోకి తోసేయలేదు. 1980లో డిబర్గ్ ఆడుతుండగా మధ్యమధ్యలో దించేవారు. అది కూడా నెగ్గే అవకాశం బాగా ఉన్న చోట, అతనికి బాగా వచ్చిన ప్లేతో. కుర్రాడు మైదానంలోకి వచ్చిన ప్రతిసారీ ఏదో ఒకటి సాధించి వెళ్లాలి. కొత్త క్వార్టర్‌బ్యాక్‌ని మొదటి రోజు నుంచీ దెబ్బలు తినిపించి పాడుచేసుకునే జట్లని ఇప్పటికీ చూస్తుంటే నాకు బాధేస్తుంది. ఈ విషయంలో వాల్ష్ చూపిన ఓపిక అందరూ చదువుకోవాల్సిన పాఠం.

1981లో డిఫెన్స్ వెనక వరస మొత్తం మార్చేశారు. రానీ లాట్, ఎరిక్ రైట్, కార్ల్‌టన్ విలియమ్సన్, ముగ్గురూ ఆ ఏడాది డ్రాఫ్ట్ కుర్రాళ్లే. పక్కన డ్వైట్ హిక్స్. సీజన్ మధ్యలో శాన్ డియేగో నుంచి ఫ్రెడ్ డీన్. జట్టు 13 గెలిచి 3 ఓడింది.

1982 జనవరి 10, క్యాండిల్‌స్టిక్ పార్క్, డాలస్ కౌబాయ్స్. 4 నిమిషాల 54 సెకన్లు మిగిలి ఉన్నాయి, 27-21 వెనకపడ్డారు, బంతి తమ 11 గజాల గీత దగ్గర. 89 గజాలు వెళ్లాలి. పాస్‌లు వస్తాయనుకుని డాలస్ అదనంగా చిన్న డిఫెండర్లని దించింది. వాల్ష్ అది చూసి పరుగు పిలిచారు. లెన్విల్ ఇలియట్‌తో పక్కలకి పరుగు. పాస్ కోచ్ అని పేరున్న మనిషి అత్యవసర సమయంలో పరుగు మీద నమ్మకం పెట్టారు.

చివరికి బంతి ఆరు గజాల గీత దగ్గరికి చేరింది. మూడో ప్రయత్నం, మూడు గజాలు కావాలి, 58 సెకన్లు. ప్లే పేరు స్ప్రింట్ రైట్ ఆప్షన్. మోంటానా కుడివైపు పరిగెత్తాలి, మొదటి గురి ఫ్రెడ్డీ సాలమన్. అదే ప్లేతో అదే ఆట మొదటి క్వార్టర్‌లో సాలమన్ టచ్‌డౌన్ చేశాడు. ఈసారి సాలమన్ కాలు జారింది. మోంటానా మీదికి ముగ్గురు వస్తున్నారు, సైడ్‌లైన్ దగ్గర పడుతోంది. రెండో గురి క్లార్క్, గోల్ గీత అవతలి భాగమైన ఎండ్ జోన్‌లో వెనక గీత వెంట కుడికి జారుతున్నాడు. అతనికి విసిరితే ఎత్తుగా విసరాలి, అతను అందుకోలేకపోతే బంతి బయటికి పోవాలి, అవతలివాడికి దక్కకూడదు. ఇది ప్రాక్టీసులో చేసిన పనే. క్లార్క్ వేళ్ల కొసలతో పట్టాడు. 51 సెకన్లు మిగిలాయి, 28-27. ఆ ఫొటో మీరు ఎక్కడో ఒక చోట చూసే ఉంటారు. జనం దాన్ని అదృష్టం అంటారు. మొదటి దారి మూసుకుపోతే రెండోది ఎక్కడుంటుందో, బంతి ఎంత ఎత్తులో ఉండాలో ముందే నేర్చుకున్నవాళ్లకి దొరికిన అదృష్టం అది.

రెండు వారాల తర్వాత సూపర్ బౌల్‌కి జట్టు డెట్రాయిట్ వెళ్లింది. హోటల్ ముందు బస్సు ఆగగానే, యూనిఫామ్ వేసుకున్న ఒక ముసలి పోర్టర్ ఆటగాళ్ల బ్యాగులు లాక్కోబోయాడు. కొందరు విదిలించుకున్నారు. తీరా చూస్తే ఆ పోర్టర్ వాల్షే. బిగుసుకుపోయిన కుర్రాళ్లని నవ్వించడానికి అది కూడా ఆయన ముందే వేసుకున్న ప్లే. అవతలి జట్టు సిన్సినాటి. అవతలి క్వార్టర్‌బ్యాక్ తను దిద్దిన కెన్ ఆండర్సన్. అవతలి యజమాని స్థానంలో పాల్ బ్రౌన్. 26-21తో గెలిచారు.

1984లో 15 గెలిచి ఒకటే ఓడారు, స్టాన్‌ఫర్డ్ స్టేడియంలోనే మయామీ మీద 38-16తో రెండో సూపర్ బౌల్. 1986 డ్రాఫ్ట్‌లో తన స్థానాన్ని పదేపదే వెనక్కి అమ్ముకుంటూ ఎక్కువమందిని తీసుకున్నారు. చార్ల్స్ హేలీ, జాన్ టేలర్, టామ్ రాత్‌మన్, స్టీవ్ వాలెస్, టిమ్ మెకయర్, డాన్ గ్రిఫిన్ అందరూ ఆ ఒక్క ఏడాది పంటే.

తప్పులు కూడా చెప్పాలి. 1987లో 13 గెలిచి 2 ఓడిన జట్టు మిన్నసోటా చేతిలో 36-24తో సొంతగడ్డ మీద ఓడింది. వాళ్ల రిసీవర్ ఆంథనీ కార్టర్ ఒక్కడే 227 గజాలు అందుకున్నాడు. మధ్యలో మోంటానాని తీసేసి ఇంకో క్వార్టర్‌బ్యాక్ స్టీవ్ యంగ్‌ని దించారు. 1988 అంతా ఆ ఇద్దరిలో ఎవరో తేల్చకుండా సాగదీశారు. అది జట్టు నరాల మీద పడింది. 11 ఆటలయ్యేసరికి 6 గెలుపులు, 5 ఓటములు. పాస్‌లో ఒక అడుగు తేడా సహించని మనిషి, మనుషుల విషయంలో ఆ స్పష్టత ఇవ్వలేకపోయారు. ఇది ఆయన పెద్ద లోపమని నా అభిప్రాయం.

అయినా జట్టు తేరుకుంది. 1989 జనవరి 22, మయామీ, మళ్లీ సిన్సినాటే. కోచ్ శామ్ వైష్, వాల్ష్ దగ్గర మోంటానాకి నేర్పిన అసిస్టెంటే. 16-13 వెనకపడ్డారు, 3 నిమిషాల 10 సెకన్లు ఉన్నాయి, బంతి తమ 8 గజాల గీత దగ్గర. 92 గజాలు. క్రెయిగ్‌కి చిన్నది, రైస్‌కి చిన్నది, మళ్లీ క్రెయిగ్‌కి. పదిగజాల పెనాల్టీ పడితే రైస్‌కి 27 గజాలు. 39 సెకన్లు ఉండగా పిలిచిన ప్లే 20 హాఫ్‌బ్యాక్ కర్ల్, ఎక్స్ అప్. మొదటి గురి క్రెయిగ్. తీరా చూస్తే క్రెయిగ్, రాత్‌మన్ ఒకరి చోట ఒకరు నిలబడ్డారు. తప్పు. డిఫెన్స్ కళ్లన్నీ రైస్ మీద, క్రెయిగ్ మీద ఉన్నాయి. మధ్యలోంచి జాన్ టేలర్ జారాడు. పది గజాల పాస్, 34 సెకన్లు మిగిలాయి, 20-16. వరసలో తర్వాతివాడు ఎక్కడుంటాడో మోంటానా పాదాలకి తెలుసు కాబట్టి ఆ పొరపాటు ప్లేని చెడగొట్టలేదు.

కొద్ది రోజులకే వాల్ష్ పదవి వదిలేశారు. పదేళ్లలో పూర్తిగా అలసిపోయారు. తర్వాత హెడ్ కోచ్ అయిన జార్జ్ సీఫర్ట్ చేతిలో అదే జట్టు మరుసటి ఏడాది డెన్వర్‌ని 55-10తో ఓడించి మళ్లీ గెలిచింది. తొందరపడ్డానని ఆయన తర్వాత బాధపడ్డారు. 1992లో స్టాన్‌ఫర్డ్‌కి తిరిగొచ్చారు. మొదటి ఏడాది 10 గెలుపులు, తర్వాత రెండేళ్లు కలిసిరాలేదు. 1999 నుంచి 2001 దాకా ఫార్టీనైనర్స్ జనరల్ మేనేజర్. 2007 జూలై 30న లుకీమియాతో కన్నుమూశారు.

ఇంకొకటి చెప్పాలి. 1987లో ఆయన నల్లజాతి కోచ్‌లని శిక్షణ శిబిరానికి పిలిచి, మీటింగుల్లో కూర్చోబెట్టి, లోపలి పని అంతా చూపించడం మొదలుపెట్టారు. ఇప్పుడది లీగ్ జట్లన్నిటిలో ఆయన పేరుతో నడుస్తోంది. తనకి ఎనిమిదేళ్లు తలుపు తెరుచుకోని మనిషి చేసిన పని అది.

మీలో పిల్లల ఫ్లాగ్ ఫుట్‌బాల్ జట్లకి కోచింగ్ ఇచ్చే తల్లిదండ్రులు ఉన్నారని విన్నాను. ఇరవై ఐదు వద్దు, ఆరు రాయండి. రెండు పరుగులు, చెరో పక్కకి ఒకటి. మూడు అడుగుల పాస్‌లు రెండు. వెనకున్న పిల్లాడికి చిన్న పాస్ ఒకటి. పరుగులా కనిపించే పాస్ ఒకటి. ముందు రోజే పిల్లలకి చెప్పి, బంతి లేకుండా అడుగులు మాత్రమే వేయించండి, పెరట్లో అయినా సరే. కాగితం మీద ఒక్కో ప్లే ఎదురుగా మూడు గడులు గీయండి. ఎలా నిలబడ్డాం, డిఫెన్స్ ఏం చేసింది, ఎన్ని గజాలు వచ్చాయి. రెండో గడి నింపడానికి గట్టున ఇంకొకరిని పెట్టుకోండి, మీరు నింపలేరు. ఆరూ అయ్యాక ఒక టైమవుట్ తీసుకుని, ఏడోది ఆ రెండో గడి చూసి పిలవండి.